సారాబండ

పియానో పుస్తకంలో పన్నెండు, పదమూడు పుటలు కనపడకుండా ఎవరో ఆ రెండు కాగితాల అంచులనూ కలిపి నల్లదారంతో కుట్టేసినారు. రెండు పోగుల దారం, రవికె చేతికి కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్లు. ఆ పుస్తకాన్ని మొదటిసారి ముట్టుకున్న రోజే లూదియా వేలికి ఆ అంచు తగిలింది. ఎందుకని అడగలేదు. అడగడమనేది ఆ పిల్లకు పుట్టుకతోనే రాలేదు. ఆ సాయంత్రం డైరీలో రాసుకొని, డైరీని ట్రంకుపెట్టెలో పావడాల కింద దాచిపెట్టింది.

లూదియాది ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల అవతల పల్లె. తండ్రి ఏలీయా అక్కడి బడిలో పంతులు. ఆదివారం అదే గదిలో ప్రార్థన జరిపే ఉపదేశి కూడా ఆయనే. ఐదో తరగతి దాకా తండ్రి దగ్గరే చదువుకొని, ఆ పైన నంద్యాల వచ్చి ఆడపిల్లల బోర్డింగులో చేరింది. ఇప్పుడు పదిహేనేండ్లు. నాలుగేండ్లుగా అదే గదిలో పడుకుంటున్నా, పక్కచాప పిల్లలకు ఆమె గొంతు ఎట్లుంటుందో సరిగా తెలియదు.

బోర్డింగు వెనకనే పాత దొరసాని బంగళా. దొరసాని ఓడెక్కి తన సీమకు వెళ్లిపోయి ఏడేండ్లు. వెళ్లిన మరుసటేడే ఆమె చనిపోయిందని జాబు వచ్చింది. ఆమె పియానో మాత్రం ముందుగదిలో ఉండిపోయింది. చెదలు ఎక్కకుండా దాని కాళ్ల కింద నీళ్లు పోసిన రేకుడబ్బాలు పెట్టి ఉండేవి. వానాకాలంలో కొన్ని మెట్లు నొక్కితే దిగిపోయి మళ్లీ లేచేవి కావు, గోటితో ఎత్తాల్సి వచ్చేది. ఆ గది తాళంచెవి, బోర్డింగు సామాన్ల గది తాళంచెవి, రెండూ మేట్రన్ జీవమ్మ నడుముకే వేలాడేవి.

చర్చిలో హార్మోనియం వాయించే జయరాజు అయ్యవారికి అరవై దాటినాయి. ఒక ఆదివారం ఆరాధన అయిపోయి జనం వెళ్లిపోయినాక, లూదియా ఒక్కతే హార్మోనియం ముందు కూర్చొని ఒంటివేలితో ఒక కీర్తన వెతుక్కుంటూ ఉంటే, ఆయన తలుపు పక్కన నిలబడి చివరిదాకా విన్నాడు.

"ఎవరు చెప్పిచ్చినారు పాపా?"

లూదియా తల వంచుకుంది.

"నోరు లేకపోతే పాయె. చేతులుండాయి గదా. బుధవారం బంగళాకు రా. జీవమ్మతో నేను చెప్తాలే."

అట్లా మొదలైంది. ఆయనే దొరల స్వరలిపి నేర్పినాడు, ఐదు గీతల మీద పిట్టలు వాలినట్టుండే ఆ అక్షరాలను. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు, ఏ మెట్టు మీద ఏ వేలు పడాలో ఆ అంకెను స్వరం నెత్తిన రాసుకోవాలని చెప్పినాడు. రెండేండ్లలో కీర్తనలన్నీ అయిపోయినాయి. అప్పుడు బీరువాలోంచి ఆ కుట్లు వేసిన పుస్తకాన్ని తీసి, దుమ్ము దులిపి ముందర పెట్టినాడు.

"దీన్ని సూట్ అంటారు. కోటూ ప్యాంటూ కాదు, నవ్వొద్దు. ఆటలను వరసగా కట్టిన దండ. రెండువందల ఏండ్ల కిందట జర్మనీలో ఒక చర్చి అయ్యవారు కట్టినాడంట. అన్నిటికీ శ్రుతి ఒకటే, నడకలే వేరు."

"ఆటలా?" అని లూదియా నోరు జారింది.

"ఆటలే. మనకు కోలాటం లేదా, చెక్కభజన లేదా? జీవమ్మ ముందర మాత్రం ఆటలనొద్దు. దేవుని పాటలనుకుంటాంది. అనుకోనీ."

ప్రతి ఆటా రెండు భాగాలు. ప్రతి భాగం చివర రెండు చుక్కలు ఉంటాయి. అవి కనపడితే వెనక్కి పోయి ఆ భాగాన్ని ఇంకోసారి వాయించాలి. మొదటిసారి దారి చూసుకునేదానికి, రెండోసారి నడిచేదానికి అనేవాడాయన. మొదట ఆలమాండ్, తర్వాత కూరాంట్. రెండింటికే ఏడాది పట్టింది. కూరాంట్ అయిపోయిన బుధవారం ఆయన పుట తిప్పినాడు. కుట్టిన కాగితాలు రెండూ ఒక్క అట్టలాగా బరువుగా తిరిగినాయి. "ఇది జీగ్, ఆఖరుది" అన్నాడు, నడుమ ఏమీ లేనట్టు.

లూదియా కుట్ల మీద వేలు పెట్టి ఆయన ముఖం చూసింది.

ఆయన పొడిడబ్బా తీసి, పీల్చకుండానే మళ్లీ జేబులో వేసుకున్నాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించినాడు.

"జీవమ్మకు ఒక కూతురుండె. సారమ్మ. నీ ఈడుదే. దొరసాని ఆ పిల్లకు చెప్పిచ్చేది. మొదలు నిదానంగా ఉండేది నేర్చుకోమని ఈ మూడో ఆట ఇచ్చింది. సగంలో ఉండంగనే టైఫాయిడ్ వచ్చె. ఇరవైయొక్క దినం ఉండి పోయె. మట్టి చేసినాక జీవమ్మ ఈ పుస్తకం తెచ్చి, 'పైన ఏం రాసిందన్నా, నా బిడ్డ పేరు కనపడ్తాంది' అనె. కూతురి నోటుబుక్కుల మీద చూసి ఇంగ్లీషులో ఆ నాలుగక్షరాలు ఆమెకు తెలుసు. నేనేమో ఆలోచించకుండా చదివితి. సారాబండ్ అని."

లూదియా కుట్ల మీది వేలిని వెనక్కి తీసుకుంది.

"మన దిక్కు బండంటే ఏందో నీకు తెలుసు గదా. ఇంట్లో పరిచేదీ బండే, సమాధి మీద పరిచేదీ బండే. సారా బండ. ఆమెకు అట్లే వినపడె. అది పాట పేరమ్మా, నీ బిడ్డ పుట్టకముందే సీమలో అచ్చైన పుస్తకమమ్మా అని చెప్పినా. వినలే. వింటుండునేమో, ఆ సిలువలు లేకుంటే."

"సిలువలా?"

"పుటల నిండా పెన్సిలుతో సిలువలు. సారమ్మ చేత్తో వేసినవే. జీవమ్మ లెక్కపెట్టింది. ఇరవైయొకటి. స్వరాల నెత్తిన సిలువలేందో నాకూ తెల్దు పాపా, నేను నేర్చుకున్న పుస్తకాల్లో యాడా లేవు. పోనీ దొరసానిని అడుగుదామంటే, పిల్ల మంచంలో ఉండంగనే ఆమె సీమకు ఓడెక్కె. ఆ సాయంత్రమే జీవమ్మ దారం తెచ్చి కుట్టేసె."

బోర్డింగులో పిల్లలకు ఈ సంగతి సగం సగం తెలుసు. లూదియా బంగళాకు బయలుదేరితే చాలు, "ఏమ్మే, సారాబండి తోలనీకి పోతాండావా? పోలీసోళ్లు పట్టుకుంటారు జాగ్రత్త" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు అయిపోయినాక మాత్రం, ఆ గదిలో మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు మెట్లు వాటంతటవే కిందికి దిగి ఉంటాయని చెప్పుకొనేవాళ్లు. వానాకాలంలో అన్ని పియానోలకూ అంతేనని లూదియాకు తెలుసు. తెలిసినా, జీగ్ వాయిస్తూ వాయిస్తూ ఆపేసేది. కూరాంట్‌కూ జీగ్‌కూ నడుమ ఉన్న ఖాళీలో ఎవరో కూర్చొని తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం జీవమ్మ బంగళా గది తెరిచి లూదియాను సాధనకు కూర్చోబెట్టి, జ్వరాల మందుకని ఆసుపత్రికి పోయింది. ఎండకు బోర్డింగంతా నిద్రపోతా ఉంది. లూదియా జడపిన్నుతో ఒక్కొక్క కుట్టునూ లాగింది. దారం తెగకుండా తీసి పక్కన చుట్టి పెట్టింది. కాగితాలు విడిపోతుంటే సన్నగా కర్పూరం వాసన వచ్చింది.

నిజంగానే సిలువలు. చిన్నచిన్నవి, నాలుగు కొసలూ సమంగా. వాటి మధ్యలో అంకెలు కూడా ఉన్నాయి. ఆమె డైరీలో గీతలు గీసుకొని రెండు పుటలనూ ఎక్కించుకుంది, స్వరం స్వరానికీ, అంకె అంకెకూ, సిలువ సిలువకూ. తర్వాత పాత రంధ్రాల్లోనే సూది దింపి మళ్లీ కుట్టేసింది.  

మూడు దెబ్బల నడక అది. మొదటి అడుగు మామూలుగా పడుతుంది. రెండో అడుగు మీద బరువంతా ఆగిపోతుంది, గడప దగ్గర ఎవరో లోపలికి రావాలా వద్దా అని నిలబడినట్టు. జీవమ్మ గది తెరిచిపెట్టి చర్చికి పోయినప్పుడల్లా లూదియా డైరీ చూసి వాయించుకుంది. పాట ముందుకు పోలేదు. అంకెల ప్రకారం వేళ్లు పెడితే ఒకదాని మీద ఒకటి పడి మెలికలు తిరిగినాయి. సిలువ దగ్గర ఏం చేయాలో తెలియక చేయి ఎత్తి ఆగేది. అట్లా ఆగిన ప్రతిసారీ గదిలో నిశ్శబ్దం వేరేగా ఉండేది, అవతలివాళ్లు కూడా ఆగినట్టు.

వారం రోజులైనాక ఇంకొకటి కనిపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు లేదు. రెండు పుటల్లో ఎక్కడా ఐదు లేదు. ఎంత పైకి పోయే వరసలోనైనా చివరి స్వరం మీద నాలుగే. అయితే ఆ చేతికి చిటికెనవేలు లేదా? ఆ రాత్రి ప్రార్థనలో కండ్లు మూసుకుంటే నాలుగు వేళ్ల చేయి ఒకటి తెల్లమెట్ల మీద నడిచిపోతూ కనిపించింది. మరుసటి రోజూ కనిపించింది. అన్నం కలుపుతుంటే తన చేతిలోనే కనిపించింది. మూడో రోజుకు తట్టుకోలేక, అడగడం రాని పిల్ల అడగరాని మాట అడిగింది.

జీవమ్మ వంటగది అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతా ఉంది. లూదియా వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"ఏందీ? ఆకలైతాందా?"

"కాదు మేట్రనమ్మా. సారమ్మక్కకు... చిటికెనవేలు ఉండెనా?"

చాట ఆగిపోయింది.

"నా బిడ్డకు ఐదూ ఐదూ పది వేళ్లు. పుట్టిన గడియలోనే లెక్కపెట్టుకుంటి. ఎందుకడుగుతాండావ్?"

లూదియా తన చిటికెనవేలిని పిడికిట్లో దాచుకుంది. 

"కుట్లు ఇప్పినావా?"

తల ఊపింది. జీవమ్మ కొడుతుందనుకుంది. కొట్టింటే బాగుండేది. ఆమె చాటను పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, ఎవరో వింటారేమో అన్నట్టు అడిగింది.

"ఎన్ని ఉండాయి?"

"ఇరవైయొకటి."

"నేనూ అంతే లెక్కపెట్టినా. ఎప్పుడన్నా నేను తప్పు లెక్కపెట్టింటానేమో అనుకుంటాంటి." బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "జ్వరం తగిలిన రోజు పొద్దున, చేతులు బరువుగా ఉండాయి మా, ఈ పొద్దు వద్దు అనె. దొరసాని అడిగితే ఏం చెప్పల్ల అని చెయ్యి పట్టుకొని తెచ్చి కూర్చోబెడ్తి. మారుమాట్లాడకుండా వాయించె. నాకు ఒక్కటే కావల్ల మే. పోతానని తెలిసి కూర్చునెనా, తెలీక కూర్చునెనా. తెలిసి, నాతో చెప్పకుండా, సిలువలు వేసుకుంటా కూర్చునెనా. ఏడేండ్లాయె. ఇంకేం వద్దు, అది ఒక్కటి తెలిస్తే చాలు."

లేచి నిలబడి మామూలు గొంతుతో అంది: "ఎండకాలం సెలవులిచ్చినారు గదా, తొందరగా మూట కట్టుకో. దాన్ని ఇంక ముట్టొద్దు."

పల్లెలో ఇంటి ముందర పరిచిన నాపబండల్లో ఒకటి పొడుగ్గా, నునుపుగా ఉండేది. లూదియా బడి నుంచి సుద్దముక్క తెచ్చి దాని మీద మెట్లు గీసుకుంది. నల్లమెట్లకు బొగ్గు పూసింది. ముట్టొద్దన్నది పియానోనే గదా అని మనసుకు సర్ది చెప్పుకుంది. కోళ్లు దాని మీద నడిచి చెరిపేస్తే మళ్లీ గీసుకునేది.

"ఏం మే, నట్టెండలో ముగ్గేస్తాండావా?" అన్నాడు ఏలీయా.

"పియానో, నాయనా."

"సద్దు లేదే?"

"నాకు వినపడ్తాంది."

ఏలీయా కూతురి ముఖం ఒకసారి చూసి, ఏమనుకున్నాడో, గొడుగు తీసుకొని బయటికి పోయినాడు. ఆమెకు వినపడేది నిజమే. అయితే సిలువ దగ్గరికి రాగానే బండ మీద కూడా చేయి ఆగిపోయేది. కాలుతున్న బండ ఆ ఒక్క క్షణం వేళ్లకు చల్లగా తగిలేది.

ఆ ఏడు పల్లెలో తాముండే పేటలో బావి ఎండిపోయింది. కొత్త బావి తవ్వించమని ఏలీయా సర్కారుకు అర్జీ రాసి, పేటలోని పెద్దలందరి చేతా వేలిముద్రలు వేయించడానికి ఇంటి ముందరే బల్ల వేసినాడు. చదువు వచ్చినవాళ్లు నలుగురైదుగురు. మిగిలినవాళ్ల పేర్లు తనే రాసి, ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో ఒక చిన్న గుర్తు పెట్టుకుంటూ పోయినాడు. లూదియా సిరాగుడ్డ పట్టుకొని పక్కన నిలబడింది.

మొదట దేవసహాయం తాత వచ్చినాడు. కండ్లు సరిగా ఆనవు. కాగితం మీదికి వంగి చూసి, ముందుకు చాపిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"ఏందప్పా ఇది, సిలువ ఏసినావే? నేనింకా బతికే ఉండా."

నిలబడిన ఆడవాళ్లు నవ్వినారు. "తాతకు బావి వద్దంట, గుంత చాలంట" అందొకామె.

"అది సిలువ కాదు తాతా" అన్నాడు ఏలీయా. "నీ బొటనవేలికి గుర్తు. వేలు యాడ పెట్టల్లో తెలియనీకి గీసినా. పెట్టు."

"దాని నెత్తిన్నే పెట్టల్లనా?"

"దాని నెత్తిన్నే."

దేవసహాయం తాత సిరాలో ముంచిన బొటనవేలిని ఆ గుర్తు మీద అదిమి పెట్టినాడు. వేలు లేచినాక సిలువ కనపడలేదు. వేలే కనపడింది.

లూదియా సిరాగుడ్డను బల్ల మీద పెట్టి ఇంట్లోకి పోయింది. డైరీ తెచ్చుకొని బండ ముందర కూర్చుంది. సిలువ ఉన్నచోట బొటనవేలు పెట్టింది. బొటనవేలికి సిలువ గుర్తయితే, చూపుడువేలు ఒకటి అవుతుంది. నడిమివేలు రెండు, ఉంగరంవేలు మూడు. చిటికెనవేలు నాలుగు. ఐదు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. దొరసాని చిన్నప్పుడు, ఆమె కాలంలో, అట్లే నేర్చుకుని ఉంటుంది. అట్లే చెప్పింటుంది. సారమ్మ పెన్సిలు తీసుకొని చెప్పింది చెప్పినట్టు రాసుకొని ఉంటుంది.

చేయి దానంతటదే నడిచింది. ఎక్కడా మెలిక పడలేదు. ఏ వేలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఒకచోట, తనకైతే అందే స్వరానికి కూడా బొటనవేలిని జరిపి ఉండటం గమనించింది. సారమ్మ చేయి తన చేయికన్నా చిన్నదన్నమాట.  చచ్చిపోయినవాళ్ల బట్టలు కట్టుకోవచ్చు, గిన్నెలో తినొచ్చు. వాళ్ల చేతిని ఇట్లా తొడుక్కోవచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. రెండో దెబ్బ మీద ఆ చేయి ఆగింది. మళ్లీ కదిలింది. ఎవరిది ఎవరిదో చెప్పలేక, చివరిదాకా ఆ చేతి వెంట పోయింది.

చివర్లో లెక్క తప్పింది. ఇరవై సిలువల కింద ఇరవై స్వరాలున్నాయి. ఇరవైయొకటో సిలువ కింద స్వరం లేదు. ఆఖరి వరసలో అన్ని స్వరాలూ కలిపి మోగించే దెబ్బ అయిపోయినాక, ఊరుకొమ్మని చెప్పే విరామం గుర్తు ఉంది. సిలువ దాని నెత్తిన ఉంది. విరామానికి ఏ వేలూ అక్కర లేదు.

తను ఎక్కించుకోవడంలోనే తప్పు జరిగి ఉంటుందనుకుంది. ఆ రోజు డైరీలో ఒకే మాట రాసింది: 'నేనే ఒకటి ఎక్కువ వేసినానేమో.'

జూన్‌లో బడులు తెరిచినారు. ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు కోసం తండ్రీకూతుళ్లు గంటసేపు నిలబడినారు. అవతల శిల్పుల పందిట్లో ఎవరో రాతిని చెక్కుతున్నారు, ఉలి దెబ్బ పడటం, ఆగటం, మళ్లీ పడటం. ఏలీయా అటుకుల పొట్లం చేతిలో పెట్టి, "భయపడ్తాండావా?" అన్నాడు. ఆమె లేదంది. బస్సులో దారిపొడుగునా, చెప్పాల్సిన మాటను ఒళ్లో వేళ్లతో సర్దుకుంటూ కూర్చుంది. ఇరవై అని చెప్పొచ్చు. ఇరవై సరిపోయినాయి, ఒకటి నాకు తెలియలేదని చెప్పొచ్చు. అప్పుడు జీవమ్మకు మిగిలేది ఆ ఒక్కటే. ఆమె ఆ ఇరవైనీ వదిలేసి, ఆ ఒక్కదాన్ని పట్టుకుంటుంది.

జీవమ్మ చాపలు ఎండలో ఆరేస్తా ఉంది. లూదియా మూట కూడా దించకుండా అంది:

"మేట్రనమ్మా, అవి సిలువలు కాదు."

"ఏవి మే?"

"సారమ్మక్క వేసినవి. అవి బొటనవేలికి గుర్తులు. ఆడ బొటనవేలు పెట్టమని. దొరసాని చెప్పింటాది, అక్క రాసుకునింటాది."

జీవమ్మ చాప దులపడం ఆపలేదు. "నన్ను ఊరడించనీకి ఎవరు నేర్పినారు నీకు? జయరాజన్నా?"

"ఎవరూ కాదు. నేనే చూసినా."

"ఇంతకాలం మాట్లాడనిదానివి, ఈ పొద్దు ఇంత మాట్లాడ్తాండావే."

"వాయించి చూపిస్తా" అంది లూదియా.  "మీరు కాగితం చూడండి. నా వేలు చూడండి."

జీవమ్మ చేతిలోని చాపను కింద పెట్టింది. తర్వాత నడుముకున్న తాళంచెవి తీసింది.

బంగళా గదిలో నెలన్నర మూసిపెట్టిన వేడి. జీవమ్మ కిటికీ ఒకటి తెరిచి, కత్తెర తెచ్చి, ఒక్క లాగుతో కుట్లు కత్తిరించింది. లూదియా పుట విప్పి ముందు ఆఖరి వరస చూసింది. తప్పు ఎక్కించుకోలేదు. ఇరవైయొకటో సిలువ అక్కడే ఉంది. మిగిలినవి పెన్సిలు తాకీ తాకనట్టు ఉంటే, ఇది మాత్రం కాగితం అవతలివైపు ఉబ్బేంతగా నొక్కి గీసి ఉంది.

"ఏం చూస్తాండావ్? కానీ" అంది జీవమ్మ.

ఆమె పియానో పక్కన నిలబడి, మొదటి సిలువ మీద చూపుడువేలు పెట్టింది. స్వరాలు చదవడం ఆమెకు రాదు. సిలువలు మాత్రం తెలుసు, ఏడేండ్లుగా కండ్లు మూసుకున్నా తెలుసు. లూదియా మొదలుపెట్టింది.

"ఒకటి" అంది జీవమ్మ, కాగితం మీది వేలినీ మెట్టు మీది బొటనవేలినీ మార్చి మార్చి చూస్తూ. "రెండు."

మొదటి భాగంలో తొమ్మిది. చుక్కలు రాగానే లూదియా వెనక్కి పోయి మళ్లీ వాయించింది. జీవమ్మ కూడా వెనక్కి పోయి మళ్లీ తొమ్మిది లెక్కపెట్టింది. ఒక్కటీ తప్పలేదు. రెండో భాగంలోకి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. పదకొండు దగ్గర, "నా తల్లి" అంది. పద్నాలుగు దగ్గర అంకె చెప్పడం మరిచిపోయి, మళ్లీ అందుకుంది. లూదియా తల ఎత్తలేదు. పక్కన నిలబడిన మనిషి ఊపిరి తన మెడ మీద తగులుతోంది. తన చేతి లోపల ఇంకొక చేయి, చిన్నది, ఏ తొందరా లేకుండా నడుస్తోంది.

"పంతొమ్మిది. ఇరవై."

ఆఖరి దెబ్బ మోగింది. జీవమ్మ వేలు జరిగి, ఇరవైయొకటో సిలువ మీద ఆగింది. ఆమె చూపు లూదియా బొటనవేలి మీదికి వచ్చింది.

కాగితంలో విరామం ఉంది. లూదియా చేయి ఎత్తాలి. ఎత్తలేదు. బొటనవేలు కిందికి జరిగి, శ్రుతి పుట్టిన మొదటి స్వరాన్ని, మెత్తగా, అక్కడ ఉన్నదానిలాగానే తాకింది.

"ఇరవైయొకటి" అంది జీవమ్మ.

ఆ స్వరం సద్దుమణిగేదాకా ఇద్దరూ కదలలేదు. తర్వాత జీవమ్మ పియానో పక్కనే నేల మీద చతికిలబడింది. ఏడుస్తుందేమోనని లూదియా భయపడింది. ఆమె ఏడవలేదు. అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"తెలీదు దానికి" అంది. "ఏమీ తెలీదు. యాడ వేలు పెట్టల్లో రాసుకునింది, అంతే. నేను కూర్చోమంటే కూర్చునింది." మళ్లీ అదే మాట అంది, ఈసారి తనకు తానే చెప్పుకున్నట్టు: "తెలీదు దానికి."

లూదియా మెట్ల మీదే చేయి పెట్టుకొని కూర్చుంది.

"అయిపోయెనా?" అని అడిగింది జీవమ్మ.

ఆఖరి గీత ముందర రెండు చుక్కలు కనపడుతున్నాయి.

"లేదు మేట్రనమ్మా. ఈ భాగం కూడా ఇంకొకసారి వాయించల్ల."

"అయితే వాయించు తల్లీ. నేను లెక్కపెట్టనులే. ఊరికే వింటా."

జీవమ్మ గోడకు చేరగిలబడి కండ్లు మూసుకుంది. లూదియా వెనక్కి పోయి రెండో భాగం మళ్లీ ఎత్తుకుంది. ఈసారి కాగితాన్ని ఎవరూ చూడటం లేదు, ఆమె వేలినీ ఎవరూ చూడటం లేదు. విరామం దగ్గర రాసి ఉన్నట్టు ఊరుకోవచ్చు. ఆఖరి దెబ్బ వేసి, ఊరుకుందామనే అనుకుంది. చేయి పైకి రాలేదు. చిన్నపిల్ల చేయి ఒకటి, ఏడేండ్ల కిందట గట్టిగా నొక్కి గీసుకున్న గుర్తు దగ్గర, ఆగి ఉంది. లూదియా మళ్లీ ఆ లేని స్వరం వేసింది. వేసినాకనే చేయి లేచింది.